బయటి గడియ

(ఏడో అంతస్తులో ఒక ఫ్లాటు. వడ్రంగి తలుపుల గడియలు ఊడదీస్తున్నాడు. ఇంటాయన, ఆయన తండ్రి పక్కనే నిలబడి ఉన్నారు.)

“బాత్‌రూమ్‌ది కూడానా సార్?”

“కూడానే. బయటివైపు గడియలన్నీ తీసెయ్. లోపలివి కూడా.”

“లోపలివి కూడానా! మరి చుట్టాలెవరన్నా వస్తే?”

“లోపలున్నంతసేపూ పాట పాడుకుంటారు. నేను పాడట్లా?”

“వీడి మాటలకేం గానీ, నీ పని నువ్వు చూసుకోవయ్యా. చిన్నప్పటి నుంచీ వీడికి తిక్క.”

“తిక్కేం లేదు నాన్నా. గాలి కోసం.”

“గాలి కోసమట! మరి లిఫ్టు పెట్టుకుని ఏడంతస్తులూ మెట్లెక్కేది ఎందుకో?”

“అది ఆరోగ్యం కోసం.”

“మోకాళ్లు అరిగిపోయాయిరా నాయనా అని డాక్టరు మొత్తుకుంటుంటే, ఆరోగ్యమట! మొన్న ఆఫీసులో వీడికి సన్మానం చేశారయ్యా. హాలు తలుపులు మూశారో లేదో, దండ మెళ్లో ఉండగానే లేచొచ్చేశాడు.”

“ఫోనొచ్చింది నాన్నా.”

“ఫోను ఇంట్లో మర్చిపోయి వెళ్లావు కదరా.”

“…అయితే ఇంకేదో వచ్చి ఉంటుంది.”

“పోనీ ఓసారి డాక్టరుకి చూపించుకోకపోయారా సార్?”

“చూపించుకున్నాను. చిన్నప్పటి సంగతి చెప్పబోయాను. అవన్నీ ఇప్పుడెందుకండీ అని విటమిన్ మాత్రలు రాశాడు.”

“చిన్నప్పటి సంగతంటే ఏముందయ్యా, మహా అల్లరివాడు. స్టోరు గదిలో పెట్టి గడియ వేసేవాణ్ణి. గంట తిరిగేసరికి ఇక కిక్కురుమనేవాడు కాదు. ఆ క్రమశిక్షణ వల్లే ఇవాళ ఆఫీసరయ్యాడు.”

“గంట కాదు నాన్నా.”

“ఏమిటీ?”

“ఏం లేదు. నువ్వు కానివ్వవయ్యా.”

“పెంపకమంటే అదీ పెద్దయ్యగారూ! మా అయ్య నన్ను స్తంభానికి కట్టేసి బాదేవాడు. ఇప్పుడు నాకేమైంది? గుండ్రాయిలా ఉన్నాను.”

“శభాష్! అలా చెప్పు వీడికి… అదేమిటయ్యా, భుజం తడదామని చెయ్యెత్తితే బల్ల కింద దూరావు?”

“స్క్రూ… స్క్రూ పడిపోయిందండి. వెతుకుతున్నా.”

“నీ చేతిలోనే ఉందిగా!”

“ఆఁ, దొరికిందండి.”

“సరే, రా. ఈ స్టోరు గది గడియ మాత్రం ఉంచు. సోమవారం నుంచి మనవణ్ణి చూసుకునేది నేనే. నాలుగేళ్ల వెధవ, అల్లరి మాత్రం పదిమంది పెట్టు.”

“వద్దు నాన్నా. బాబుని ఇందులో పెట్టనని మాటివ్వండి.”

“ఏం, నువ్వు పాడైపోయావా?”

“నా సంగతి కాదు, వాడు…”

“పోనీ నేను పాడైపోయానా? మా నాన్నగారు నన్ను బొగ్గుల గదిలో పడేసేవారు. ఏడుపు ఆపితేనే తలుపు తీసేది. అంతే, మళ్లీ జన్మలో ఏడవలేదు. మీ అమ్మ పోయిన రోజు కూడా ఏడవలేదు.”

“ఉక్కు గుండె పెద్దయ్యగారిది!”

“మరి రోజూ బాల్కనీలో ఎందుకు పడుకుంటారు నాన్నా?”

“ఎవరు, నేనా? గాలి కోసం.”

“వానలో కూడానా? గొడుగేసుకుని మరీ?”

“వాన గాలి ఒంటికి మంచిది. మాట మార్చకు.”

“మార్చట్లేదు. నాకు భయంగా ఉంది నాన్నా. ఇన్నేళ్లయినా భయంగానే ఉంది. వాణ్ణి మాత్రం వద్దు.”

“పిరికి సన్నాసి! ఇందులో ఏముందిరా భయపడ్డానికి? రెండు చీపుర్లు, ఓ పాత బకెట్టు. ఇదిగో, నేనే లోపలికెళ్తున్నా. ఏమయ్యా, గడియ వెయ్యి.”

“ఇప్పుడెందుకండీ…”

“వెయ్యమన్నానా! ఎవరికేమవుతుందో వీడు కళ్లారా చూడాలి.”

“వేశానండి. సార్, భేషుగ్గా పడింది, దీన్ని ఉంచెయ్యొచ్చు… పెద్దయ్యగారూ? ఏమిటి సార్, ఉలుకూ పలుకూ లేదు?”

“నాన్నా? నాన్నా! తియ్యి, ముందు గడియ తియ్యి!”

“తీస్తున్నా సార్, బిగుసుకుపోయింది… సార్, లోపల చిన్నపిల్లాడెవరన్నా ఉన్నాడా?”

“ఏడవట్లేదు నాన్నగారూ… చూడండి, ఏడవట్లేదు… తలుపు తియ్యండి నాన్నగారూ…”