అక్క చూసిన ఇల్లు

పటాన్‌చెరు దగ్గర ఒక ఊరు. మే నెల చివర, మధ్యాహ్నం. ఆదిలక్ష్మి, స్నేహలత తోడికోడళ్లు. స్నేహలత, శేఖర్‌ల కూతురు రుచితను పెద్ద బడిలో వేయడానికి, రేపు పొద్దున తెల్లాపూర్‌కు ఇల్లు మారుతున్నారు. ఇద్దరూ సామాను సర్దుతున్నారు.

"గా బొంతలు కూడ ఎయ్యి స్నేహా. వానలు పడ్తె చలి పెడ్తది. పిల్ల ఊకె దుప్పటి తన్నేస్తది."

"బొంతలెందుకక్కా, జాగ సరిపోదు."

"ఎందుకు సరిపోదు? మా రూముల మేము పెట్టుకుంటం, నీకేం అడ్డం?"

"ముందుగాల గిన్నెలు చూద్దాం అక్కా."

"గిన్నెలు పొద్దుగాలనే అయిపాయె. ఏమైందే నీకు, ఒకటి అడిగితె ఇంకోటి చెప్తున్నవ్. ఆడ మీ బావ సూస్తె గట్లనే. బర్లను పెద్దరాములుకు అప్పజెప్పమంటె రేపు మాపు అంటుండు. బండి పొద్దుగాలనే వస్తదాయె."

"బావ చూసుకుంటడు తియ్యి."

"పక్కింటి లక్ష్మీనరసమ్మ అడిగింది, వాళ్లు పోతుంటె నువ్వెందుకే అని. మా రుచిత నన్ను ఇడిసి ఒక్క పూటన్న ఉంటదా అన్న. రాత్రి పండుకున్నప్పుడు గూడ, అమ్మా, కొత్త బడికి నా జడ నువ్వే ఎయ్యాలె అన్నది."

"ఆమెకెందుకు చెప్పినవక్కా?"

"చెప్తె ఏమాయె? ఊరంత చెప్పిన. జాగ సూసింది నేనైతి, చెప్పుకోనా? కిష్టారెడ్డిపేటల ఇల్లు మంచిగనే ఉండె, ఎండకాలమంత ట్యాంకర్ నీళ్లే అన్నరు, వద్దన్న. ముత్తంగిల బడోల్లు సీటిస్తమన్నరు, లారీలు తిరిగే రోడ్డు, పిల్లతోని దాటలేమని నువ్వే వద్దంటివి."

"అవును."

"తెల్లాపూర్‌ల బడి ఇడిసేదాంక గేటు కాడ నిలవడ్డ. లోపట అద్దాలు, బొమ్మలు అందరు పెడ్తరు. పిల్లలు బయటికి ఎట్లొస్తరో సూడాలె. మొఖాలు ఏలాడేసుకొని వస్తె ఎంత పెద్ద బడైనా మనకొద్దు. వాళ్లు నవ్వుకుంట ఉరికొచ్చిండ్రు. ఒక పోరి బూటు ఊడిపోతె టీచరమ్మ కూసోని తొడిగింది. ఇగ ఇదే ఖాయం అన్న."

"మంచిగ చూసినవక్కా. ఆయన గూడ గదే అన్నడు."

"ఆడ సూసిన ఇంటి ముంగట పార్కుల ఆడోల్లు కూసున్నరు, పిల్లలను ఆడించుకుంట. నాకు గూడ పొద్దుపోతది అనుకున్న. అన్నట్టు, మా రూముల ఫ్యాను పెట్టిచ్చిండా శేఖర్? ఫ్యాను లేకుంటె మీ బావకు నిద్ర పట్టది."

"అక్కా, ఆ ఇల్లు కాదు."

"ఏ ఇల్లు కాదు?"

"నువ్వు చూసిన మూడు రూములది తీసుకోలే. అదే అపార్ట్‌మెంట్ల, వెనక బ్లాకుల రెండు రూములది తీసుకున్నం."

"రెండేనా? చెప్పనేలేదు. పోనీ తియ్యి. ఒక దాంట్ల మీరు, ఒక దాంట్ల నేను, పిల్ల. మీ బావ హాల్ల ఒరుగుతడు."

"నువ్వు కాదక్కా."

"నేను కాదంటె ఏంది?"

"మేము ముగ్గురమే పోతున్నం. నువ్వు, బావ ఈడనే ఉంటరు."

"ఏమంటున్నవ్ స్నేహా?"

"జెర కూసో అక్కా. చెప్త."

"కూసునుడు అటెన్క. ఇది ఎప్పుడు అనుకున్నరు?"

"ముత్తంగి బడోల్లు మాట్లాడనీకె పిలిచిండ్రు గద, అప్పుడు. ఆడ మేడం నన్ను అడిగింది, మీ పాప దేనికి భయపడ్తది అని. నాకు తెల్వదక్కా. పిల్ల మొఖం చూసిన, ఆయన మొఖం చూసిన. కన్నతల్లిని గద నేను."

"మిక్సీ చప్పుడుకు. రెండు చెవులు మూసుకుంటది."

"చూసినవా. నీకు అడగంగనే వచ్చింది."

"తెల్వకపోతె నన్నడుగు. నేను చెప్పనంటినా?"

"నా బిడ్డ గురించి నిన్ను అడుక్కోవాల్నా అక్కా?"

"నీ బిడ్డనా. పేరు పెట్టి తొట్టెలల ఏసిన నాడు నా ఒడిలేసి ఏమన్నవ్? ఈ పిల్ల నీదే అక్కా అన్నవ్. చుట్టాలందరు ఇన్నరు."

"పిల్లలు లేనోల్ల ఒడిల చంటిపిల్లను ఏస్తె వాళ్లకు కాన్పయితదని అత్తమ్మ ఏయమన్నది. ఏసేటప్పుడు అందరు గదే మాట అంటరు. నీ కడుపు పండాలని ఏసినక్కా. ఇచ్చేసినట్టా?"

"కాదని అయితె ఎన్నడు అనలే నువ్వు. పాలు మరిపిచ్చి మందుల కంపెనీకి షిఫ్టులకు పోయినప్పుడు అనలే. పిల్లకు జరమొస్తె కంపెనీల కెల్లి ఫోన్ చేసి, ఎట్లున్నది అక్కా నీ బిడ్డ అంటివి. నీ బిడ్డ, నీ బిడ్డ. ఇన్నేండ్లు ఆ మాట పట్టుకొనే బతికిన నేను."

"అప్పుడు నౌకరి చెయ్యక తప్పలే. నువ్వు లేకుంటె పిల్ల ఆగమయ్యేది, నాకు తెల్వదా? ఇప్పుడు నౌకరి బందు చేస్తున్న. ఇగ నేనే చూసుకుంట."

"అయితె ముత్తంగి ఏం పాపం చేసింది? లారీలని అబద్ధం చెప్పినవా?"

"ముత్తంగి అయితె నువ్వు రోజు ఆటో ఎక్కి వస్తవ్."

"వస్త. ఎందుకు రాను?"

"అందుకే వద్దన్న."

"అంత దూరం పోవాలని ఉంటె నువ్వు, నీ మొగుడు ఎతుక్కోవాలె. నన్నెందుకు తిప్పినవ్? ఎండల ఆ గేటు కాడ నన్నెందుకు నిలవెట్టినవ్?"

"పిల్లకు ఏ బడి పడ్తదో నీకు తెలిసినంత నాకు తెల్వదక్కా."

"నాతోనే ఎతికిపిచ్చి నన్నే ఇడిసి పోతున్నవ్. ఇంత మోసం పగోల్లకు గూడ చెయ్యరే. శేఖర్‌కు తెలుసా?"

"తెలుసు."

"నేను ఈ ఇంటికొచ్చిన్నాడు వాడు లాగు ఏసుకొని బడికి పోతుండె. నా చేతి అన్నం తిని పెరిగినోడు. రానీ, మీ బావతోని చెప్త. ఆయన ఊకుంటడా?"

"బావకు ఉగాదికి ముందే చెప్పినం. అందుకే బర్లను పెద్దరాములుకు ఇయ్యలే."

"ఏ బావకు?"

"బావ ఏడ్చిండక్కా. ఆదిలక్ష్మికి నేను చెప్త, మీరు చెప్పకుండ్రి అన్నడు. రోజు చెప్తడు చెప్తడు అని చూసినం. చెప్పలేకపోయిండు."

"పొద్దున నా పక్కన కూసోని ఈ బొంతలకు తాడు కట్టిండు. గట్టిగ కట్టు, బండిల ఊడిపోతది అన్న. సరే అన్నడు. గింతమంది మధ్యల నేనొక్కదాన్నే పిచ్చిదాన్ననుకున్నరా?"

"సెలవులకు పంపిస్త. పండుగలకు మేము వస్తం."

"నువ్వు పంపించకు, నేను అడగ. తీస్కపో. నేను అడ్డం పడ, కాళ్లు పట్టుకోను. ఒక్కటి చెప్త ఇను. మొదటి దినం పొద్దుగూకనీ. అమ్మ ఏది, అమ్మ ఏది అని తలుపు కాడ కూసుంటది పిల్ల. అప్పుడు ఏం చెప్తవ్? మాటలొచ్చినకాడి సంది నన్నే అమ్మ అన్నది. నిన్ను స్నేహా అని పేరు పెట్టి పిలుస్తది. ఒక్కనాడన్న నిన్ను అమ్మ అన్నదా?"

"ఆ మాట ఇడిసిపెట్టు అక్కా."

"ఎందుకిడుస్త? మీరంత కలిసి అన్ని గుంజుకున్నరు. నాకు అదొక్కటే మిగిలింది. అన్నదా, చెప్పు."

"వద్దక్కా. నీ కాళ్లు మొక్కుత."

"అనలే. అనది గూడ."

"అంటది."

"ఎప్పుడు?"

"నువ్వు పాలు పిండనీకె పోంగనే. నా షిఫ్టు లేని దినాలల్ల. పోయినేడు సంది."

"అబద్ధం. నేనెన్నడు ఇనలే."

"నిన్ను ఇననియ్యది అక్కా. నా మెడ పట్టుకొని చెవుల అంటది. నేను గట్టిగ పలికితె నా నోటికి చెయ్యి అడ్డం పెడ్తది. 'మెల్లగ అమ్మా, పెద్దమ్మ ఇంటె ఏడుస్తది' అంటది."