జీడిపొట్టు మేత

జలంత్రకోట కొబ్బరితోటలో, చచ్చిన టర్కీకోడి పిల్ల పేగును కోసి చూపుతూ పశువైద్యుడు దానిని పెంచిన ముసలామెను అడిగాడు.

“ఏటి పెట్టేవమ్మా వీటికి?”

“పలాస జీడిపొట్టు బాబూ. పీచుమేత పేగుకి మంచిదని మీరే సెప్పేరు గదా.”

“పెద్దవాటికి, దాణాలో కొంచెం కలపమన్నాను.”

“పెద్దవాటికి మంచిదైతే పిల్లలకి మరీ మంచిదనుకున్నాను. ఇంకేటీ పెట్టనేదు. కడుపు నిండా తిన్నాయి బాబూ.”

“కడుపు నిండింది, ఒంటికే పట్టలేదు. పేగంతా పుండే.”

“మిగిలినవాటికి మందియ్యండి. సర్చీలో కోతపండక్కి తొలిపిల్లని ప్రభువుకిత్తానని మీదు కట్టేను.”

“వీటికిక మందు లేదమ్మా.”

“అదిగో, గిన్నె సుట్టూ మూగుతున్నాయి. ఏటి పెట్టమంతారు?”

“ఏది పెట్టినా ఒకటే తల్లీ. అడిగినంత పెట్టు.”