పాత డబ్బాలో కొత్త బోర్డు

ఆదివారం మధ్యాహ్నం, చందానగర్‌లో సుబ్రహ్మణ్యంగారి ఫ్లాటు. హాల్లో పాత చీర పరిచి, దాని మీద ఆయన కంప్యూటరు విప్పుకుని కూర్చున్నాడు ఒక యువకుడు. ఎదురుగా సోఫాలో సుబ్రహ్మణ్యంగారు, వంటింటి గుమ్మంలో ఆయన భార్య పుణ్యవతి.

“అది కాదయ్యా, ఆ డబ్బా ఎందుకు పక్కన పడేశావు? బాగానే ఉందిగా!”

“లోపలికి కరెంటు ఇచ్చేది ఇదే సార్. శానా పాతగైంది. ఇగ కొత్త బోర్డుకు ఇది ఆగది. ఎప్పుడో ఒకరోజు ఇది పోతూ పోతూ దాన్ని కూడ తీస్కపోతది.”

“అంటే కొత్తది కొనిపిస్తావన్నమాట. మీ షాపులవాళ్ళందరిదీ ఇదే వరస. మంచి వస్తువును పాడైందంటారు, సంచీలో వేసుకుపోతారు, రేపు ఇంకోడికి అమ్ముకుంటారు.”

“నేను ఏది తీస్కపోను సార్. అసలు నేను షాపోన్ని కాదు, నేను...”

“మజ్జిగ తాగు బాబూ, మజ్జిగ. ఎండన పడి వచ్చావు.”

“అతను మాట్లాడుతుంటే మధ్యలో నీ మజ్జిగేమిటి పుణ్యవతీ? ఆగాగు, ఆ స్టీలు గ్లాసు ఎందుకు తీశావు? పేపరు గ్లాసులో పొయ్యి.”

“పేపరు గ్లాసులు అయిపోయాయండి.”

“నిన్ననేగా ప్యాకెట్టు తెచ్చాను!”

“అయిపోయాయన్నాగా. తీసుకో బాబూ.”

“థ్యాంక్స్ ఆంటీ.”

“నీ పేరేమిటన్నావు?”

“బుజ్జి అంటారండీ ఇతన్ని.”

“నిన్నడిగానా? అతనికి నోరు లేదూ? బుజ్జి అనేది ఒక పేరా?”

“ఇంట్ల అట్లనే పిలుస్తరు సార్.”

“ఏ ఊరు?”

“ఇక్కడే, బాలానగర్. డాడీ అక్కడ కంపెనీల లేత్ మీద చేసెటోడు.”

“అదీ సంగతి. తండ్రి ఇనుం, కొడుకు రేకు. సరే, ఏవేవి ఉంటాయి, ఏవేవి పోతాయి, అది చెప్పు. నా వస్తువు ఒక్కటి కూడా ఊరికే పారేయడానికి వీల్లేదు. పది ఊళ్ళు ట్రాన్స్‌ఫరైనా చెక్కుచెదరకుండా మోసుకొచ్చిన మిషను ఇది.”

“క్యాబినెట్ ఉంటది సార్. ఇప్పుడొచ్చేటియి ఉత్త రేకులు, ఇది గట్టిగుంది. మానిటరు, కీబోర్డు ఉంటయి. హార్డ్ డిస్కు కూడ ఉంటది. మీ పద్యాలన్నీ అందులనే ఉన్నయంట కద?”

“అది నీకెవరు చెప్పారు?”

“నేనే చెప్పానండీ ఫోన్లో. పద్యాలు పోతే మీరు ఊరుకోరని.”

“ఎన్నడూ లేంది నా పద్యాల మీద నీకింత శ్రద్ధ! వినమంటే ఆవలిస్తావుగా. ఊఁ, ఇంకా?”

“దాని పక్కన చిన్న కొత్త డిస్కు పెడ్త. కంప్యూటర్ జల్ది లేస్తది. బోర్డు, ప్రాసెసరు కొత్తయే. పాత ర్యామ్ మాత్రం పోతది సార్.”

“అదెందుకు పోతుంది? మా అమ్మాయి ఉద్యోగంలో చేరిన కొత్తలో తన డబ్బుతో వేయించింది అది.”

“కొత్త బోర్డుల పట్టది. చూడుండ్రి, దీనికి గంటు ఇక్కడుంది, బోర్డు మీదనేమో అక్కడుంది.”

“గట్టిగా నొక్కితే?”

“ఇరుగుతది.”

“విన్నావా పుణ్యవతీ? దేని గాడి దానిదే. నొక్కితే విరుగుతుంది. లేత్ మిషన్‌వాడి కొడుక్కి తెలిసింది, ఇంజనీరింగ్ చదివిన నీ కూతురికి తెలియలేదు. నేను చెబితే ఛాందసుణ్ణి!”

“కంప్యూటరు గురించి కదండీ అతను చెప్పేది.”

“నేనూ కంప్యూటరు గురించే చెబుతున్నా. చూడు బాబూ, మా అమ్మాయి ఆమని. గచ్చిబౌలిలో ఉద్యోగం. ఆదివారం కూడా ఆఫీసే. ఇవాళా ఆఫీసేనా పుణ్యవతీ?”

“ఆఁ... పనుందంది.”

“పని! ఆ ఆఫీసులోనే ఎవడో ఉన్నాట్ట, ఫిలిప్పో గిలిప్పో. చేసుకుంటే వాణ్ణే చేసుకుంటుందిట.”

“ఇవన్నీ బయటివాళ్ళ ముందెందుకండీ?”

“బయటివాడు కాబట్టే చెబుతున్నా. నీతో చెప్పి ఏం లాభం? పోపుల డబ్బా, టీవీ సీరియలు తప్ప నీకేం తెలుసు?”

“మీరు అతన్ని చూసిండ్రా సార్?”

“చూడాలేమిటి? పేరు వింటే చాలదూ? కోటు తొడుక్కుని గిటారు వాయించే సంత. నాలుగు ఇంగ్లీషు ముక్కలు రాగానే పెద్దింటి పిల్ల కావాలి. వాడి తాత ఏ పాలపొడి డబ్బా కోసమో మతం మారి ఉంటాడు.”

“మా తాతకు ఎవ్వరు పాలపొడి... అంటే, వాళ్ళ తాతకు ఎవ్వరియ్యలే సార్.”

“నీకెలా తెలుసు?”

“స్క్రూలు! స్క్రూలు ఎక్కడ పెట్టావు బాబూ? కాళ్ళ కింద పడతాయి.”

“గిన్నెల ఉన్నయి ఆంటీ, ఫికర్ చేయకుండ్రి. నాకు తెలుసు సార్. గుడిలకు రానియ్యలే. చర్చిల కూసోమన్నరు, కూసున్నడు. గంతే.”

“ఓహో! చాలా చరిత్ర చదివావే!”

“చదవలే సార్. ఇంట్ల విన్న.”

“విన్నది చాలు, ఆ వైర్లు చూడు. మనిషన్నవాడైతే ఆ ఫిలిప్పు నా ఎదుటికొచ్చి అడగాలి. అంత మొగతనం ఎక్కడేడ్చింది? ఆఫీసు క్యాంటీన్లో టీలు, ఫోన్లో గుసగుసలు!”

“వస్తే మాట్లాడ్తరా?”

“గుమ్మంలోంచే పంపించేస్తా.”

“మీరు ఏమంటరో అన్నది ఆమె ముందే చెప్పి ఉంటది సార్. అందుకే రాలేదేమో.”

“వాడి తరఫున వకాల్తా పుచ్చుకున్నావా? వాడిచ్చాడా నీకు మజ్జిగ? నీ పని నువ్వు చూసుకో.”

“పని అయిపోయింది సార్. జర ఆ స్విచ్ ఏయుండ్రి.”

“వేశా. ఏదీ? రాలేదే! చెప్పానా? పాతది, కొత్తది కలిపి నా కొంప ముంచావు!”

“ఒక్క నిమిషం సార్. అదిగో.”

“అరె! అప్పుడే లేచిందే. ఇదివరకు ఇది లేచే లోపల నా స్నానం అయ్యేది. పద్యాలు?”

“ఇదిగో, స్క్రీన్ మీద ఈ ఫోల్డర్ నొక్కుండ్రి. అన్నీ ఉన్నయి. ఒక్కటి పోలే.”

“ఊఁ... ఊఁ. ఉన్నాయి. శతకం కూడా ఉంది. పని మాత్రం వచ్చు నీకు, ఫిలిప్పూ.”

“సార్?”

“ఏమన్నారండీ?”

“ఏం, ఇద్దరూ అలా మొహాలు చూసుకుంటారేం? రాయదుర్గం మెట్రో మెట్ల మీద నా కూతురి బ్యాగు భుజాన వేసుకుని దిగుతుంటే చూశాను ఇతగాణ్ణి. ఇందాక తలుపు తీయగానే గుర్తుపట్టాను.”

“మరి... తెలిసే అన్నరా సార్ గవన్నీ? మా తాతను, మా డాడీని?”

“తెలిసే అన్నాను. ముసుగేసుకుని వచ్చావు, ముసుగులోనే చెప్పాల్సింది చెప్పాను. మీ ఇద్దరి నాటకం చివరిదాకా చూశాను. నా కంప్యూటరూ బాగైంది. ఇక సంచీ సర్దుకో.”

“ఆంటీ, నేను వద్దనే అన్న. అంకుల్ ముందుగాల నన్ను మనిషిలెక్క చూడనీ, తర్వాత చెబ్దామన్నరు మీరు. చూసిండు. చాలు. నేను పోత.”

“కూర్చో ఫిలిప్.”

“పుణ్యవతీ!”

“అక్కడ కాదు బాబూ. సోఫాలో కూర్చో.”

“నా ఇంట్లో ఎవడు ఎక్కడ కూర్చోవాలో నువ్వు చెబుతావా? నీకు మతి గానీ పోయిందా?”

“మీ నోట ఒక్క మంచిమాట వస్తే, అది పట్టుకుని మిగతాది చెబుదామనుకున్నానండీ. ఇందాకటినుంచీ చూస్తున్నా. రాలేదు.”

“మిగతాదేమిటి? చెప్పడానికి ఇంకేం ఉంది? ఈ పెళ్ళి జరగదు. నేను ఊఁ అనందే ఈ ఇంట్లో ఏదైనా జరిగిందా ఎప్పుడైనా?”

“ఆంటీ, ఇప్పుడొద్దు. ఆమని వచ్చినంక...”

“ఆమని రాదు బాబూ, ఇవన్నీ వినడానికి అది ఎందుకు రావాలి? మీ అమ్మగారి దగ్గరే ఉండనీ.”

“వాళ్ళమ్మ దగ్గరా? ఆఫీసన్నావు! నా కూతురు వాళ్ళింట్లో ఎందుకుంది? ఏ హక్కుతో ఉంది?”

“కోడలిగానే ఉందండీ. మొన్న గురువారం రిజిస్ట్రారాఫీసులో, అమ్మాయి తరఫున సాక్షి ఎవరని అడిగితే, సంతకం పెట్టింది నేనే.”