మూత విప్పొద్దు

గోపాలపూర్ నుంచి బరంపురం వెళ్ళే బస్సు. నీలకంఠం ఒళ్ళో గోనెసంచి. అందులో కోడలి కాఫీ మిషను. పక్క సీట్లో కోడలు కన్నమ్మ.

“కన్నమ్మా, దిగిపోదుమా?”

“ఎక్కడ దిగిపోతాం మావయ్యా? సగం దారి కూడా రానేదు.”

“ఎదురొచ్చీ బస్సెక్కీసి ఇంటికెల్లిపోదుం. ఇది బాగయ్యీది కాదమ్మా. మిషన్ల సంగతి నాకు తెలదేటి? ఐసు ఫేక్టరీలో ఫిట్టరుగా బతికినోడిని.”

“అందుకే గదా మీకిచ్చి పంపినాను. పంపినప్పుడల్లా ఏదో ఒకటి సెప్పి ఎనక్కి తెచ్చీసినారు. ఒకసారి షాపు మూసీసున్నాదన్నారు.”

“మూసీసున్నాది మరి.”

“ఇంకోసారి భువనేశ్వరం నించి పార్టు రావాలన్నారు.”

“రావాల.”

“ఏ పార్టు?”

“లోపల... పార్టు.”

“దాని పేరేటి?”

“పేరు సెప్పినాడు. ఇంగిలీసు. నోరు తిరగదు.”

“కంప్రెసరు పార్టులన్నీ నిద్దట్లో కూడా సెప్తారు మీరు.”

“అది వేరు, ఇది వేరు. కంపెనీకి ఫోన్ సేసినావు గదా, ఆళ్ళేటన్నారో మళ్ళీ సెప్పు.”

“ఎన్నిసార్లు సెప్పాల? ఒకటి నొక్కమంటాది, రెండు నొక్కమంటాది, నొక్కినాక పాటేస్తాది. పాటయినాక లైను కట్టయిపోతాది. ఆకరికి ఎవులో పిల్ల దొరికితే, మిషను ఎలగ మూలుగుతన్నాదో వీడియో తీసి పంపమన్నాది. మీరే గదా తీసినారు.”

“తీసినాను.”

“వీడియో నిండా మీ బొటనేలు తప్ప ఇంకేటీ నేదు. ఆళ్ళు నవ్వుకున్నారో ఏటో, మీ ఊరికి మా మనిషి రాడు, వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి కలకత్తా పంపండి అనీసినారు. ఆ పెట్టేదీ?”

“అందులో కోడి పొదుగుతన్నాది.”

“ఎవులెట్టినారు కోడిని?”

“నానే. గట్టి పెట్టె గదా అనీసి.”

“కోడి లెగిసీవరకూ కంపెనీ ఆగుతాదేటి?”

“పిల్లలు మటుకు మంచియి దిగినాయి.”

“నవ్వించకండి మావయ్యా. నవ్వొచ్చీలాగ నేదు నాకు. పోర్టులో కరెంటు పనిసేసీ ధర్మలింగం పాపం ఇంటికొచ్చి సూస్తానన్నాడు. ఆడికి సేపలకూరెట్టి, మిషను బరంపురం ఎల్లిపోనాది అనీసి పంపించీసినారు. మిషను మంచం కిందే ఉన్నాది.”

“ఆడు తాగినోడమ్మా.”

“ధర్మలింగమా? మాలేసుకున్నాడు ఆడు. ఆదోరం బీచికొచ్చినోళ్ళు మన అరుగు కాడికొచ్చి, మిషన్ కాఫీ నేదా అని అడిగి ఎల్లిపోతన్నారు. డికాక్సనిస్తానంటే మూతి తిప్పుతన్నారు. పెళ్ళికి ముందర హోటల్లో పనిసేసి కొనుక్కున్నాను దీన్ని. మాయమ్మ ఒక్క పొద్దులో పాడుసేసి ఎల్లిపోనాది.”

“మీయమ్మ మాట ఇప్పుడెందుకు?”

“ఎందుకేటి? నీళ్ళు పోసీ దాంట్లో పాలు పోసినాదా నేదా? మీరింటుండగానే ఒప్పుకున్నాది.”

“ఒప్పుకున్నాది.”

“ముట్టుకోకండి అని మీరు కూడా ముందే సెప్పినారు ఆవిడికి.”

“సెప్పినాను.”

“‘ఇది ఎండుసేపల తట్ట కాదు దానమ్మొదినా, మిషను’ అన్నారు.”

“అలగన్నానా?”

“అన్నారు. ఆవిడ తట్ట మోసీ మనిషని మీకు తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట నాకు గుచ్చుకున్నాది. మరి మాయమ్మ ఆ పనే సేసినాది గదా, నానేటంటాను మిమ్మల్ని? ఇప్పుడేమో గంగమ్మ పండక్కి మాయూరు సమఖండి రమ్మని తమ్ముడితో కబురెట్టినాది. నాను ఎల్లను.”

“ఎల్లమ్మా. తల్లితో పంతమేటి?”

“పంతం కాదు. తెలక పోసీసినానే అని ఒక మాటంటే సరిపోను. పోసినాను, పోసినాను అనీసి, తట్టెత్తుకుని, అన్నం కూడా తినకుండా ఎల్లిపోనాది. నాను ఒదిలీసినాను. మిషను బాగయితే అప్పుడు సూద్దుం.”

“బాగయితే పండక్కి ఎల్తావా?”

“ఎల్తాను.”

“బాగవకపోతే?”

“ఎల్లను. ఆ సంచి మీద అలగ సెయ్యేసి నొక్కుతారేటి? ఇలగియ్యండి, నాను పట్టుకుంటాను.”

బరంపురంలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే బాబూరావు షాపు. పెద్దవాళ్ళెవరొచ్చినా అతనికి ‘మౌసా’నే, అంటే ఒడియాలో బాబాయి. గోనెసంచి బల్ల మీదికెక్కింది.

“అరే మౌసా! మళ్ళీ తెచ్చారా?”

“మళ్ళీ ఏటి బాబూ? నువ్వెవులో నాకు...”

“నేనెవరా? వచ్చినప్పుడల్లా ఆ స్టూలు మీద కూర్చుని నా టీ తాగి వెళ్ళారు కదా! ఈ అమ్మాయెవరు?”

“కోడల్ని. కన్నమ్మంటారు. మీరేనా బాబూరావుగారు? మీ షాపు మూసీసున్నాదన్నారు మావయ్య.”

“నా షాపా? నా పెళ్ళినాడు కూడా పొద్దున్న తెరిచి, కూలరొకటి బాగుచేసి, అప్పుడు ముహూర్తానికి వెళ్ళాను. మూయడమేంటమ్మా?”

“మావయ్యా?”

“అది... ఇంకో షాపు.”

“భువనేశ్వరం నించి పార్టు రావాలన్నది మీరేనా బాబూరావుగారూ?”

“ఏ పార్టు? విప్పితే కదా ఏ పార్టో తెలిసేది. మీ మావగారు విప్పనిస్తేనా! స్క్రూడ్రైవరు తీస్తే చాలు, నా చెయ్యి పట్టుకుంటారు. ‘మూత విప్పొద్దు బాబూ, పైనించి సూసి సెప్పు’ అంటారు. పైనుంచి చూసి చెప్పడానికి నేనేమన్నా జాతకాలు చెప్పేవాణ్ణా?”

“విప్పితే గేరంటీ పోతాదనీసి...”

“గేరంటీ ఎప్పుడో పోనాది మావయ్యా. ఆ సంగతి నాకు సెప్పింది మీరే.”

“కన్నమ్మా, కొత్తది కొనీసుకుందుం. నాను కొంటాను.”

“కొత్తదొద్దు. నాది నాకు బాగవ్వాల. బాబూరావుగారూ, విప్పండి.”

“నిజం చెప్పాలంటే అమ్మా, పెళ్ళిళ్ళలో బుస్సుమని పాలు పొంగించే పెద్ద ఎస్ప్రెసో మిషను బాగుచేశాను గాని, ఇళ్ళలో పెట్టుకునే ఈ చిన్నది ఎప్పుడూ విప్పలేదు. నా చేతిలో పాడైతే మళ్ళీ...”

“పాడయ్యే ఉన్నాది. విప్పండి.”

“మౌసా, చెయ్యి తియ్యండి.”

“తీస్తన్నాను.”

“మౌసా.”

“తీసినాను.”

“అబ్బ! ఏం వాసనమ్మా ఇది? పులిసిన కల్లులా ఉంది.”

“పాలు గదా. మాయమ్మ పాలు పోసీసినాది.”

“పాలా? పాలైతే విరిగి తెల్లగా గట్టిపడి ఉండేవి. ఇది జిగట. పల్చటి పాకంలాగ వేలికి అంటుకుంటోంది చూడండి. గొట్టంలో ఏదో అడ్డం కూడా పడింది... పిన్నీసుందా అమ్మా?”

“ఇదిగోండి.”

“ఉండండి... ఉండండి... వచ్చింది. కొబ్బరి ముక్క.”

“కొబ్బరా?”

“కొబ్బరే. ఈ అంచుల్లో ఎర్రగా కూడా ఏదో ఉంది.”

“తుప్పేమో బాబూ.”

“తుప్పేదో నాకు తెలీదా మౌసా? ఫిట్టరు మీరు, మీకు తెలీదా? ఇది సిందూరం. అదిగో, నా డ్రిల్లు మిషను నుదుటన ఏముంది? విశ్వకర్మ పూజకి నేను పెట్టిందే. ఈ షాపులో ప్రతి స్పానరుకీ ఉంది. కాని మేం పైన పెడతాం మౌసా. లోపల పొయ్యం.”

“విస్సకర్మ పూజ నాడే ఆగిపోనాది ఇది. ఆ పొద్దు మాయమ్మ మా ఇంటికాడే ఉన్నాది. కాని మాయమ్మ మిషనుకి బొట్టెట్టదు. ఆవిడికి గంగమ్మ తప్ప ఇంకో దేవుడు తెలదు.”

“కన్నమ్మా, ఇంటికెల్లి మాటాడుదుం.”

“మావయ్యా, ఆ పొద్దు మీరు కొబ్బరికాయ పట్టుకుని బయల్దేరినారు. ఎక్కడ కొట్టినారు?”

“ఫేక్టరీ కాడ.”

“ఏ ఫేక్టరీ? ఐసు ఫేక్టరీ మూసీసి ఎన్నాళ్ళయినాది! కంప్రెసరు తుక్కుకి అమ్మీసినారని మీరే ఒక పూట అన్నం మానీసినారు. తాళమేసిన తలుపుకి కొట్టినారేటి?”

“ఎల్లినాను. ఒట్టు, ఎల్లినాను. తలుపు కాడ ఎవులివో గేదెలు కట్టీసున్నాయి. కాయ సేతిలో ఉన్నాది. ఎనక్కొచ్చీసినాను.”

“వచ్చీసి?”

“ఆ పొద్దు ఊర్లో అందరికీ ఏదో ఒకటున్నాది కన్నమ్మా. బోటున్నోడికి ఇంజను. ఆటో ఉన్నోడికి ఆటో. మనెదురింటి కాసులమ్మకి కుట్టు మిషను, దానికి కూడా బంతిపూలు సుట్టినాది. నాకేటున్నాది? మనింట్లో మిషనంటే నీదొక్కటే. నువ్వింకా లెగనేదు. మీయమ్మ వాకిట్లో తట్ట సర్దుకుంటన్నాది. తడిగుడ్డతో తుడిసినాను. బొట్టెట్టినాను. కాయ కొట్టినాను.”

“కొడితే కొట్టినారు. లోపల పొయ్యడమేటి?”

“కంప్రెసరుకి నోరు నేదు, నెత్తి మీద పోసీవోళ్ళం. దీనికి నోరున్నాది గదా అనీసి...”

“అయ్యో మౌసా.”

“నవ్వకు బాబూ.”

“నవ్వడం లేదు.”

“బొట్టు బొటనేలికంటుకుని అందులో పడినట్టున్నాది. నువ్వు లెగిసీలోగా పైనున్నదంతా తుడిసీసినాను. నువ్వొచ్చి బొత్తాం నొక్కినావు. ఒక్కసారి మూలిగి ఆగిపోనాది. సెప్పీద్దుమనే నోరు తెరిసినాను.”

“తెరిసి?”

“ఫిట్టరు నీలకంఠం మిషన్లో కొబ్బరినీళ్ళు పోసినాడంటే, రేపు టీకొట్టు కాడ ఎలగ కూకోవాల అనిపించినాది. ఈలోగా నువ్వు మీయమ్మ మీదికెల్లిపోనావు. ఆవిడ పాలు పోసినానన్నాది. నిజంగానే పోసినాదేమో అనుకున్నాను. ఆ పాలకే పాడయినాదేమో, నా కొబ్బరినీళ్ళకి కాదేమో అనుకున్నాను. రోజూ అలగే అనుకున్నాను. మూత విప్పితే పాలుంటాయో, ఉండవో అనీసి...”

“అందుకా విప్పనివ్వనేదు?”

“అందుకే.”

“పాలచుక్క లేదు మౌసా.”

“ఇన్నాను బాబూ. ఇన్నాను.”

“మావయ్యా, ఆ పొద్దు పక్కగదిలోనే ఉన్నారు మీరు. మాయమ్మని నానేటన్నానో ఇన్నారా?”

“ఇన్నాను.”

“ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు అన్నాను. కన్నతల్లిని. అది ఇన్నారా?”

“ఇన్నాను.”

“ఇని?”

“మంచం మీద కూకున్నాను. తిట్టు కన్నమ్మా. ఈ బాబు ముందరే తిట్టు.”

“మిమ్మల్ని తిట్టడం నాకు రాదు. మాయమ్మనయితే, నోటికెంతొస్తే అంత తిట్టీసినాను.”

“ఆవిడ కాళ్ళు పట్టుకుంటాను.”

“మీరు పట్టుకుంటానంటే ఆవిడ పట్టుకోనిస్తాదేటి? అది కాదు. పొయ్యని పాలు పోసినానని ఎందుకొప్పుకున్నాది?”

“అదే నాకూ తెలడం నేదు.”

“ఫోన్ సేస్తాను.”

“ఇటియ్యి. నాను మాటాడతాను.”

“ముందు నాను అడగాల. బాబూరావుగారూ, ఆ ఫేను ఆపండి, ఇనబడదు.”

“ఆపాను. స్పీకర్లో పెట్టమ్మా.”

“అమ్మా.”

“కన్నీ! నువ్వేనేటే? పండక్కొస్తన్నావా? తమ్ముడు రానంటన్నాది అన్నాడు. నాను నమ్మనేదు. నీకోసం రొయ్యలెండబెట్టినాను.”

“అమ్మా, ఒక్క మాటడుగుతాను. ఆ పొద్దు నా మిషన్లో ఏటి పోసినావు?”

“మళ్ళీ అదెందుకే? పాలు. సెప్పినాను గదా.”

“పాలు నేవమ్మా. మూత విప్పించినాను. లోపల కొబ్బరినీళ్ళున్నాయి. సిందూరం ఉన్నాది. అమ్మా? ఇంటన్నావా?”

“ఇంటన్నాను. నువ్వెక్కడున్నావు?”

“బరంపురంలో. మిక్సీల షాపు కాడ.”

“ఒక్కదానివేనా?”

“కాదు. మావయ్య కూడా ఉన్నారు.”

“పక్కనేనా?”

“పక్కనే.”

“నా మాటలు ఇనబడతన్నాయా ఆయనకి?”

“ఇనబడతన్నాయి.”

“అలగయితే, కొబ్బరినీళ్ళు కూడా నానే పోసినానే.”