టీచరు నిలబడి ఉండగా

సభకు అధ్యక్షత వహిస్తున్న మన తెలుగు సంఘం పెద్దలు మస్తాన్ గారికి, పనులు మానుకుని ఈ మెసైమీర్ హాలు దాకా వచ్చిన అక్కలకు, అన్నలకు, బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో నాతో గది పంచుకున్న తమ్ముళ్ళకు నమస్కారం.

నేను మాట్లాడే మనిషిని కాను. పగలు స్టోరు లెక్క, రాత్రి నా ఖర్చుల లెక్క తప్ప వేరే రాత ఎరగను. ఇంగ్లిష్ కూడా సామాను పెట్టెల మీద చదివి నేర్చుకున్నదే. అయినా ఒక మాట చెప్పకుండా రేపు ఇంటికి విమానం ఎక్కను.

మస్తాన్ గారూ, వెనక నిలబడ్డ ఆ ముగ్గురు కొరియా వాళ్ళను కూర్చోమని ఇందాకటి నుంచి చెయ్యి ఊపుతున్నారు. ఊపకండి, భుజం నొప్పి పుడుతుంది. (నవ్వులు) టీచరు నిలబడి ఉండగా వాళ్ళు కూర్చోరు. అది వాళ్ళ పద్ధతి.

ముందున్నాయన హాన్, మా సైటులో వెల్డింగ్ ఫోర్‌మన్. పగలంతా "జలంధర్! యల్లా, యల్లా!" అని తొందరపెడుతూ నా మీద అరిచే మనిషి, శుక్రవారం సాయంత్రం సంఘం గదిలో నా ఇంగ్లిష్ క్లాసుకు వస్తే, నా నీడ తొక్కకుండా వెనక నడుస్తాడు. మొదట్లో ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. మే నెలలో వాళ్ళ టీచర్ల పండుగ నాడు ఈ ఎర్ర కాగితం పువ్వును రెండు చేతులతో తెచ్చి నా చొక్కాకు పెట్టాడు. "అన్నా, పెండ్లికొడుకు లెక్కనే ఉన్నవ్" అన్నాడు నా గది తమ్ముడు మారుతి. నాకు నవ్వు రాలేదు. బడి మధ్యలో మానేసిన నన్ను అంతవరకూ ఎవరూ టీచర్ అనలేదు.

మస్తాన్ గారూ, ఇందాక మీరు శాలువా కప్పుతూ, "ఆ పువ్వు తీసెయ్యండి, ఫొటో బాగోదు" అన్నారు. తియ్యలేదు. తియ్యాల్సినప్పుడు తీస్తాను.

నాకు ఓవర్‌టైమ్ పడ్డప్పుడల్లా ఆ క్లాసు నడిపింది కడప నుంచి వచ్చిన మన రాణి. ఒక ఇంట్లో పిల్లలను చూసుకుంటూ, వాళ్ళతో మాట్లాడి మాట్లాడి ఇంగ్లిష్ నేర్చింది. నా తరవాత క్లాసు ఆమెకే ఇమ్మన్నాను. నిన్న కమిటీలో మీరేమన్నారు? "ఇళ్ళల్లో పనిచేసే ఆవిడకి కంపెనీ సార్లు లేచి నిలబడతారేంటండీ? డిగ్రీ ఉన్నవాళ్ళు దొరికేదాకా గదికి తాళం వేసేద్దాం" అన్నారు. నిన్న నేను నోరు తెరవలేదు. తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.

రాణీ, ఇటు రా చెల్లె.

("వద్దులేన్నా, ఇంతమందిలో నన్నెందుకు పిలుస్తాండావు!" అంటున్న రాణిని పక్కవాళ్ళు లేపి వేదిక మీదికి పంపారు.)

ఇదిగో తాళంచెవి, ఇదిగో పువ్వు. రెండు చేతులతో ఇస్తున్నాను, రెండు చేతులతో తీసుకో. మస్తాన్ గారూ, కోపం వస్తే నన్నే తిట్టండి. రేపు నేనెలాగూ ఉండను. (నవ్వులు, చప్పట్లు)

శాలువా కప్పిన చేతులకు, ఇన్నేళ్ళు నన్ను కలుపుకున్న అందరికీ కృతజ్ఞతలు. ఇక నేను కూర్చుంటున్నాను. రాణీ, నువ్వు అక్కడే నిలబడు.

(కూర్చుని, మైకు మళ్ళీ అందుకున్నారు.)

మస్తాన్ గారూ, ఒక్కసారి వెనక్కి చూడండి. ముగ్గురూ ఇంకా నిలబడే ఉన్నారు.

సెలవు.