అందరికీ ఉద్యోగాలొచ్చాయి

అడ్మిషన్ల గదిలో ఆ తండ్రి కుర్చీ అంచున కూర్చున్నాడు. బల్లకి అవతలున్న అమ్మాయి రోజూ చెప్పే మాటే చెప్పింది.

"పోయినేడు పాసైనవాళ్ళందరికీ ఉద్యోగాలొచ్చాయండీ."

"ఇల్లు తాకట్టు పెడుతున్నానమ్మా. మా అమ్మాయివే అనుకుని చెప్పు. వచ్చే జీతంతో అప్పు తీరుతుందా?"

ఆమె మేనేజరు గది వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"నేనూ ఇక్కడ ఈ కోర్సే చదివానండీ."

"మరి ఉద్యోగం?"

"ఇదేనండీ. ఆ 'అందరి'లో నేనూ ఉన్నాను."

"నీ చదువప్పో?"

"నా జీతం వడ్డీకే చాలదు. మా నాన్న కడుతున్నాడు. రిటైరయ్యాక వాచ్‌మన్‌గా చేరాడు."



"సీటు పోతుందేమోనని మా పిల్ల నిన్నట్నుంచీ అన్నం ముట్టలేదమ్మా."

ఆయన జేబులోంచి పెన్ను తీసి, అడ్మిషన్ ఫారం దగ్గరికి లాక్కున్నాడు.

"మీ నాన్నకి ఆ పని ఎవరిప్పించారమ్మా?"