చంద్రయ్య చూసిన యూనివర్సిటీ

"నేనేం పెద్ద ఘనకార్యం చెయ్యలే అక్కా. బిడ్డను యూనివర్సిటీల దించి రానీకె పోయిన, గంతే. గేటు కాడ సెక్యూరిటోడు ఆపిండు. నేను గిట్ల చూసిన. వాడు గేటు తీసిండు. గంత చిన్న ముచ్చట."

చంద్రయ్య బావ చిన్న ముచ్చట అన్నడంటే అది చిన్నగ ఉండదని సిరిసిల్లల మా గల్లీకంత ఎరుకే. మామూలు రోజైతే కిష్టవ్వ మొదట్లనే "ఇగ చాలు తీయిరా" అని నోరు మూయించేది. ఆమె ఆయనకు సొంత అక్క, ఆ హక్కున్నది. ఇయ్యాల మాత్రం బీడీల చాట పక్కకు జరిపి, తమ్మునికి అరుగు మీద జాగ ఇచ్చింది. "అయ్యో, నువ్వు చూస్తెనే తీసిండా!" అని ముక్కు మీద వేలేసుకున్నది.

ఎందుకంటే మూడింటికి హైదరాబాద్ బస్సున్నది. ఆ బస్సు శ్రీలత ఎక్కాలె. ఆమె ఎక్కేదాక బావ ఈ అరుగు దిగొద్దు.

శ్రీలత బావ బిడ్డ. హైదరాబాద్ అవతల ఒక ప్రైవేటు యూనివర్సిటీల ఫీజు లేకుండ సీటు తెచ్చుకొని, మొదటి ఏడాది చదివి ఇంటికచ్చింది. అక్కడ పాఠం చెప్పేటోళ్లే పరిశోధనలు గూడ చేస్తరు. డిగ్రీ పిల్లలను పక్కన పెట్టుకొని చేయిస్తరు. వెంట్రుక కంటె సన్నటి పోగుతోని గాయాలకు కట్టే గుడ్డ తయారుచేసే మేడం ఒకామె, ఈ ఎండకాలం సెలవులల్ల తన ల్యాబుల పనిచేయమని శ్రీలతను ఎంచుకున్నది. రేపు పొద్దున అక్కడుండాలె. పోకపోతే ఆ జాగ ఇంకొకలకు ఇస్తరు.

బావ వద్దన్నడు. మొన్న హోటల్ రాములు చాయ్ పోసుకుంట, "సెలవులల్ల గూడ ఆడివిల్లను అక్కడనే ఉంచుతవా చంద్రన్నా?" అని ఊకెనే అడిగిండు. ఆ ఒక్క మాటకు బావ ఇంటికచ్చి, గడప దాటితే బాగుండదని తల్లీబిడ్డల మీద ఒర్లిండు. ఏడాది కష్టపడి చదివిన పిల్ల సంగతి చాయ్ గ్లాసు కాడ తేలిపోయింది.

మామూలుగ అయితే పగలంత ఆయన సాంచాల కాడ, కరెంటు మగ్గాలు నడుపుకుంటనే ఉంటడు. ఇయ్యాల సేటు దగ్గరి నుంచి నూలు రాక సాంచాలు ఆగినయి. మనిషి ఇంట్ల నుంచి కదుల్తలేడని ఆయన భార్య సరోజనక్క పొద్దున్నే ఏడ్చుకుంట అచ్చింది. కిష్టవ్వ తునికాకు కత్తిరించుడు ఆపకుండనే చెప్పింది: "వాన్ని నేను పిలుస్త. యూనివర్సిటీ ముచ్చట ఒక్కటి అడుగుదం. ఇగ వాన్ని లేపుడే కష్టం. నువ్వు పిల్లను తీసుకొని వెనక గల్లీల నుంచి నడువు."

గట్ల కూసున్నం. కిష్టవ్వ, పక్కింటి కొమురవ్వ, నేను. చేతులు బీడీలు చుడుతున్నయి, చెవులు బావకు అప్పజెప్పినం.

"గేటు తీసినంక లోపటికి పోయిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకనా? లోపట ఊరున్నది. మన సిరిసిల్ల అసొంటియి నాలుగు పడుతయి. పిల్లలు మెస్సుల నాస్తా చేసి క్లాసుకు నడిచేసరికి మళ్ల ఆకలైతది, అందుకే నడుమ నడుమ మెస్సులు కట్టిండ్రు. ఇగ లైబ్రరీ. రాత్రి లేదు పగలు లేదు, మూసుడే లేదు. మూద్దామంటే తలుపులే పెట్టలే. పుస్తకం పేరు మనసుల అనుకుంటె చాలు, అదే అచ్చి ఒళ్లె కూసుంటది."

"మనసుల అనుకుంటెనేనా?" అన్నది కొమురవ్వ.

"మరి? నేను ఊకెనే మగ్గం అనుకున్న. మీది అంతస్తుల నుంచి పుస్తకాలు కొంగల లెక్క దిగినయి. చేతులతోని కొట్టుకుంట బయటపడ్డ."

నాకు నవ్వు రాలే, ఒళ్లు మండింది. లైబ్రరీల రాత్రి దాక కూసొని చదువుకోవచ్చని శ్రీలత ఫోన్ల సంబురంగ చెప్తే, "రాత్రి దాక ఏం చదువే?" అని కసురుకున్నది ఈయనే. అదే లైబ్రరీ ఇప్పుడు ఈయన నోట్ల పడి తలుపులే ఊడగొట్టుకున్నది.

"ఆ తర్వాత ఏమైంది బావా?" అని అడిగిన, పండ్లు కొరుక్కుంట.

"తర్వాత ల్యాబు! అంత అద్దాల అర్ర. నడుమల పోగు తీసే మిషన్. ఆ పోగు కంటికి కనపడది. పెద్ద పెద్ద సైంటిస్టులు మిషన్ చుట్టు నిలబడి ఏడుస్తున్నరు. ఏమైంది మేడం అన్న. పోగు తెగింది, ఏడ తెగిందో దొరుకుతలేదు, నెల దినాల సంది దేవులాడుతున్నం అన్నది. నేనేమన్న? జరుగుండ్రి అన్న. కండ్లు మూసుకొని చెవు పెట్టిన. తెగిన పోగు సప్పుడైతది అక్కా, సాంచాలు నడిపినోనికి ఇనపడుతది. గీ కొస గీ చేత, గా కొస గా చేత పట్టి ముడి ఏసిన. మిషన్ బుర్రుమన్నది. మేడం తన తెల్లకోటు ఇడిసి నాకు తొడిగింది."

"మరి కోటేది?" అన్నది కొమురవ్వ.

"ఉతుకనేసిన."

అప్పటికి హోటల్ రాములు ఖాళీ గ్లాసులు తీసుకపోనీకె అచ్చి, తీసుకపోకుండ అక్కడనే నిలబడ్డడు. సాంచాలు ఆగి తోచక తిరుగుతున్న మొగోళ్లు నలుగురైదుగురు అరుగు ముంగట కూడిండ్రు. మంది పెరిగితే బావ గొంతు పెరుగుతది.

"పిల్లలు నన్ను వదులుతరా? సార్, ఒక్క క్లాసు చెప్పుండ్రి సార్ అని కాళ్లకు అడ్డం పడ్డరు. చెప్పిన. హాలు నిండి కిటికీలకు ఏలాడిండ్రు, చెట్లెక్కిండ్రు. వాళ్లు ఆరు నెలలు చెప్పే పాఠం నేను ఒక్క పూటల ఒడగొట్టిన. పరీక్ష గూడ నేనే పెట్టిన. సగం మంది ఫెయిల్."

"పాపం, పిల్లలా?" అన్నడు రాములు.

"పిల్లలు కాదురా, ప్రొఫెసర్లు! పిల్లలంత పాస్."

కొమురవ్వ ఇగ ఆపుకోలేకపోయింది. చాటల బీడీ ఇసిరికొట్టింది. "థూ, గింత అబద్ధమా! ఎనిమిది తప్పి నువ్వు సాంచాల కాడికి పోయిననాడు మీయవ్వ మా ఇంట్ల కూసొని ఏడ్వలేదా?"

మంది నవ్విండ్రు. బావ మొఖం మాడింది. లేచి నిలబడ్డడు. "నమ్మనోళ్లకు చెప్పుడు నాదే తప్పు. పోత. ఇంట్ల పిల్ల ఏం చేస్తున్నదో ఏమో, సప్పుడు గూడ లేదు."

ఒక చెప్పుల కాలు పెట్టిండు. సరోజనక్క, పిల్ల అప్పుడే సంచి పట్టుకొని వెనక గల్లీలకు దిగి ఉంటరు. ఈయన నాలుగడుగులేసి ఇంటి మూల మలిగితే ఎదురుపడుతరు. కిష్టవ్వ కొమురవ్వ తొడ గిచ్చింది గని, తమ్మున్ని ఆపే మాట ఆమెకు గూడ దొరుకుతలేదు. రెండో చెప్పు గూడ కాలికి అందింది.

"బావా, ఆమెకేం ఎరుక!" అన్న నేను. తర్వాత ఏమనాల్నో నాకే తెల్వది. నోటికచ్చింది అనేసిన. "ఆ ల్యాబుల నీ ఫోటో పెట్టిండ్రట గదా? శ్రీలతనే చెప్పింది నాకు."

బావ ఆగిండు. ఈ సంగతి ఆయన గూడ మొదటిసారి ఇంటున్నడు. ఒక గడియ నా దిక్కే చూసిండు. తర్వాత మెల్లగ చెప్పులు ఇడిసిండు.

"ఫోటో కాదు రాజలక్ష్మీ. విగ్రహం. మనమే చెప్పుకుంటె బాగుండదని నేనే ఎవలికీ చెప్పలే."

మళ్ల కూసున్నడు. నేను పుట్టి బుద్ధెరిగినంక ఆడిన అన్నిటికన్న పెద్ద అబద్ధమది. దాన్ని గూడ ఆయన నాకుంచలే.

"విగ్రహం ఎందుకు పెట్టిండ్రంటవ్? ఆ పోగుతోని నేను గుడ్డ నేసిన. మనోళ్లు అగ్గిపెట్టెల పట్టే చీర నేసిండ్రని పేపర్ల రాస్తరు గదా, నా గుడ్డ అగ్గిపుల్ల తలకాయ మీద పడుతది. అది దేని మీద కప్పితే అది కనపడది. నమ్మరైతిరి, జరుగుండ్రని పెద్ద బిల్డింగు మీద కప్పిన. బిల్డింగు మాయం! లోపట డైరెక్టర్ సార్ మీటింగుల ఉన్నడు. భార్య ఫోన్ చేస్తే ఏడున్నవంటె, నాకే తెల్వదంటడు. పోలీసులచ్చిండ్రు, కుక్కలచ్చినయి. మీది నుంచి ఎతుకుదమని హెలికాప్టర్ తెచ్చిండ్రు. అది దిగుకుంట దిగుకుంట గుడ్డ కిందికి జొచ్చి అది గూడ మాయం."

"మరెట్ల తీసిండ్రు చంద్రన్నా?" రాములు నోరు తెరిచిండు.

"ఎవలు తీస్తరు? గుడ్డ కొస ఏడున్నదో నాకొక్కనికే ఎరుక. గీ చేత్తోని గుంజిన. హెలికాప్టర్ మీద పడబోతే గా చేత్తోని ఆపిన."

భుజం పట్టుకొని ఒత్తుకున్నడు, ఆ నొప్పి ఇంకా ఉన్నట్టు.

నా ఫోన్ల మూడు దాటి చాన సేపైంది. ఇగ లేచి పోయినా మాకు పట్టింపు లేదు. నేను కిష్టవ్వ దిక్కు చూసిన, చాలు, వదిలేద్దమన్నట్టు. నాకు తల నొస్తున్నది. ఆమె మాత్రం వదులలే. ఆకు ముక్కల తంబాకు పోసుకుంట, మొఖం ఎత్తకుండనే అడిగింది.

"మస్తు చేసినవ్ తమ్మీ. గంత చేసినోనివి, బిడ్డ కోసం ఏం అడిగినవ్ మరి?"

"అడుగకుంటనా? కారిస్తమన్నరు, బంగ్లా ఇస్తమన్నరు. నాకేం వద్దన్న. ల్యాబు తాళంచెవి నా బిడ్డ చేతుల పెట్టుండ్రి అన్న. పగలని లేదు, రాత్రని లేదు, ఆమె ఎప్పుడస్తె అప్పుడు తలుపు తెరువాలె. ఆడివిల్లని ఎవడన్న అడ్డమస్తె నాకు ఫోన్ కొట్టుండ్రి, ఆని సంగతి నేను చూసుకుంట అన్న."

"సెలవులల్ల గూడనా?"

"సెలవులల్ల గూడ!" బావ తొడ చరిచిండు. "సెలవులల్ల ఇంట్ల కూసోవెట్టుకోనీకె చదివిస్తున్ననా అక్కా? సర్కస్ కాదు గదా, ఆట ఒడిసినంక డేరా పీకనీకె!"

"అబ్బ, బిడ్డనంటె గట్ల చదివియ్యాలె చంద్రన్నా," అని రాములు తల ఊపిండు. మొన్న తానేమన్నడో ఆయనకు యాదికే లేదు. ఆ మాట మోసింది శ్రీలత ఒక్కతే.

అప్పుడు గల్లీ మలుపుల సరోజనక్క కనపడ్డది. ఎండల నడిచి మొఖం ఎర్రగ కమిలింది. చేతుల ఏం లేదు. అచ్చి అరుగు కింద నిలబడ్డది.

"ఏడికి పోయినవ్?" అన్నడు బావ.

"బస్టాండుకు. బిడ్డను ఎక్కిచ్చి అచ్చిన."

బావ మొఖంల నుంచి యూనివర్సిటీ మొత్తం దిగిపోయింది. "నన్ను అడుగకుండనా?" అని లేచిండు. గొంతు మారింది. ఆ గొంతు మాకెరుకే, సరోజనక్కకు ఇంకా బాగెరుక. ఆమె వెనుకకు జరుగలే.

కిష్టవ్వ చాట కింద పెట్టింది.

"కూసో. బిడ్డను యూనివర్సిటీల దించిరానీకె సరోజన పోయింది, సంచులు మోసింది, చెట్టు కింద కూసొని కట్టుకపోయిన సద్ది తిన్నది. ఆ దినం నువ్వు ఇదే అరుగు మీద కూసొని, రుద్రంగి అడవిల చిరుతపులి చెవు పిండిన కథ మాకు చెప్తున్నవ్. నేనున్న, రాజలక్ష్మున్నది. నువ్వు ఆ గేటు ఏ రంగుంటదో గూడ చూడలే."

మొగోళ్లు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. ఎవడో కిసుక్కుమన్నడు.

"పోనీ. పుస్తకాలు కోతలు, ముడి కోత, హెలికాప్టర్ కోత. అలవాటే మాకు, ఇడిసిపెడుతం. గని ఇప్పుడు ఒక మాటన్నవ్. బిడ్డకు సెలవులల్ల గూడ ఎవడూ అడ్డం రావద్దన్నవ్. ఇంతమందిమి ఇన్నం, రాములు గూడ ఇన్నడు. అది గూడ కోతనేనా తమ్మీ? గదొక్కటి చెప్పు, చాలు."

బావ రాములు దిక్కు చూసిండు. రాములు గ్లాసులు చేతుల పట్టుకొని, నిజంగనే జవాబు కోసం చూస్తున్నడు. బావ సరోజనక్క దిక్కు చూసిండు. ఆమె కొంగుతోని మెడ తుడుచుకుంటున్నది. పాపం, అన్ని దిక్కులకు మాటలు పేర్చే మనిషికి ఒక్క మాట పేర్చుకోనీకె ఇంత సేపు పట్టుడు నేను ఎన్నడూ చూడలే.

"కోతెందుకైతది?" అన్నడు ఆఖరుకు.

"మంచిది," అన్నది కిష్టవ్వ.

ఒక్క నిమిషం గూడ కాలే. బావ గొంతు సవరించుకున్నడు. "అసలు సరోజనకు ముందుగాల చెప్పిందే నేను. మూడింటి బస్సుకైతె సీటు దొరుకుతది, ఎండ గూడ తగ్గుతదన్న..."

సరోజనక్క నెత్తి కొట్టుకున్నది. నేను చాటల తల దించుకున్న. మందిల ఆయన పరువు ఇంకింత పోవద్దని మేము ఊకుంటె, ఆ ఊకున్నదాంట్లకెల్లి గూడ ఆయన తనకింత తీసుకుంటున్నడు. జేబుల నుంచి ఫోన్ తీసి, శ్రీలతకు కలిపి, అందరికి ఇనపడేటట్టు స్పీకర్ పెట్టిండు.

బస్సు సప్పుడు. తర్వాత భయం భయంగ, "బాపూ..."

"ఏం బుగులు పడకు బిడ్డా. సీటు దొరికిందా? కిటికీ పక్కకేనా? మంచిగ పో. ఇగో, పోంగనే మీ మేడంకు చెప్పు, మా బాపే పంపిండని. చెప్తవా?"

పిల్ల ఏడుస్తదేమో అనుకున్న. కాదు. గొంతు నిమ్మలంగ అచ్చింది.

"ఎవలు పంపిండ్రని మా మేడం అడుగది బాపూ. అచ్చినవా అని అడుగుతది."